చక్రాల ఇంటికి చూరు

నెల్లూరు సముద్రం చూడ్డానికి ఏ నెల మంచిది అని ఎవర్నడిగినా జనవరి అంటారు. వానలుండవు, ఎండ ముదరదు, ఇసకలో బండి దిగబడదు. నన్నడిగితే మాత్రం నవంబరు అంటాను. ఒక అల్పపీడనం పోయి ఇంకోటి వచ్చేలోపు దొరికే నాలుగైదు రోజుల్లో ఈ తీరం చూడాలి. ఒకపక్క పచ్చటి నారుమళ్లు, ఇంకోపక్క రొయ్యల గుంటలు, ఆ చివర బూడిద రంగు సముద్రం. ఫిల్టర్ అక్కర్లేదు. ఫోన్ తడవకుండా చూసుకుంటే చాలు.

రాష్ట్రంలో చాలా చోట్ల వానాకాలం అంటే జూన్. మాకు కాదు. మాకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఏడాది మొత్తం వానలో సగానికి పైగా ఆ మూడు నెలల్లోనే కురుస్తుంది. అందుకే నెల్లూరోళ్లకి దీపావళి టపాసులు ఎండబెట్టుకోవడం కూడా ఒక పండగే.

అయితే నవంబరులో తీరం వెంబడి తిరగాలంటే మన కప్పు మనం మోసుకుపోవాలి. మాకది మరీ అవసరం. రెండేళ్ల కిందట నాన్నకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యీ, ఎడమ కాలూ సరిగ్గా మాట వినవు. వీల్‌చైర్ వాడతారు. చాలా లాడ్జీల్లో బాత్రూమ్ గుమ్మం దగ్గరే ఒక మెట్టు ఉంటుంది, మన ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. నాన్న ముప్పయ్యేళ్లు ఈ ఊళ్లలోనే లెక్కల మేష్టారు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల్లో ఆయన పాఠం చెప్పని హైస్కూలు తక్కువ. "పనిచేసిన ఊళ్లు ఒకసారి చూడాల. అదీ వానల్లో" అన్నారు. వానల్లోనే ఎందుకు నాన్నా అంటే, "నేను సైకిల్ తొక్కింది వానల్లోనే కదా. ఎండాకాలం సెలవలు" అన్నారు. లెక్కల మేష్టారితో వాదించలేం.

అలా వచ్చింది మా బండి. ఇంగ్లీషులో మోటర్‌హోమ్. అమ్మ మాత్రం 'బండిల్లు' అంటుంది. పాత మినీబస్సు కొని, సీట్లు తీయించి, నిలబడితే తల తగలకుండా ఫైబర్ కప్పు ఎత్తుగా వేయించాం. పక్కన జరిపే తలుపు, దానికి వీల్‌చైర్ దిగే ర్యాంప్, తలుపు పక్కనే నాన్న మంచం, మంచం కింద బ్యాటరీ, ఇన్వర్టర్. బండి రూపు మార్చాలంటే ముందు ఆర్టీఓ అనుమతి కావాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆ సంగతే చెబుతుంది. ఆ కాగితాలన్నీ తమ్ముడు చూసుకున్నాడు. నేను వర్క్ ఫ్రమ్ హోమ్ అని మేనేజర్‌కి చెప్పి వచ్చాను. హోమ్‌కి చక్రాలున్నాయని చెప్పలేదంతే.

అక్టోబరులో మొదటి గట్టి వాన నెల్లూరులో మా వీధిలోనే పడింది. తలుపు జరపగానే, కప్పు మీది నీళ్లు గుమ్మానికి అడ్డంగా తెర దించినట్టు పడ్డాయి. సగం నాన్న దుప్పటి మీద, సగం ర్యాంప్ మీద. ర్యాంప్ సబ్బు రాసినట్టయింది. వీల్‌చైర్ చక్రం సర్రున జారింది. తమ్ముడు వెనక నుంచి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. నాన్న నవ్వేశారు. అమ్మ నవ్వలేదు. "ఈ బండీ వద్దు, ఈ ప్రయాణమూ వద్దు" అని లోపలికి వెళ్లిపోయింది. మరకలు, తుప్పు, పాడయ్యే ప్లైవుడ్ అన్నీ తర్వాతి సంగతి. ఆ గుమ్మం మీద నీళ్లు పడకుండా చెయ్యలేకపోతే నాన్న సముద్రం చూడరు. మా ముందున్న సమస్య అదొక్కటే.

బండిని బాగా చూస్తే లోపం ఇట్టే తెలిసిపోతుంది. దానికి చూరు లేదు.

మన ఇళ్లు ఎప్పుడూ చూరుతోనే పుట్టాయి. తాటాకు ఇల్లు చూడండి. కప్పు బాగా వాలుగా ఉంటుంది, గోడ దాటి బయటికి వస్తుంది, లోపలికి పోవాలంటే మనం తల వంచాలి. ఆ వంచుడంతా గోడ తడవకుండా ఉండటానికే. ఎవర్నైనా వదలకుండా పట్టుకుని ఉంటే 'చూరు పట్టుకుని వేలాడుతున్నాడు' అంటాం, ఆ చూరే ఇది. సరదా సంగతి ఒకటి. చాటుగా వినడాన్ని ఇంగ్లీషులో ఈవ్స్‌డ్రాపింగ్ అంటారు కదా, ఆ మాట కూడా చూరు నీళ్ల నుంచే పుట్టింది. చూరు నీళ్లు పడే చోట గోడకి ఆనుకుని నిలబడి లోపలి మాటలు వినేవాడు అన్నమాట.

పాత కార్లకీ చూరుండేది. అంబాసిడర్ పైకప్పు అంచు చుట్టూ సన్నటి రేకు గాడి ఉండేది, గుర్తుందా? మారుతి ఓమ్నీకీ ఉండేది. సామాన్ల క్యారియర్ బిగించేది దానికే. వాన పడితే నీళ్లు ఆ గాడిలో పారి, అద్దానికీ తలుపుకీ దూరంగా దిగేవి. తర్వాత కార్లు నున్నగా అయ్యాయి. గాలి కోసుకుపోవాలి, చప్పుడు తగ్గాలి, చూడ్డానికి బాగుండాలి. గాడి మాయమైంది. కార్లలో దాని బదులు తలుపు రబ్బర్లు, లోపలి కాలవలు ఆ పని చేస్తాయి. కానీ మా బండికి కప్పు వేసింది బాడీ షాపులో. గుండ్రంగా, నున్నగా, గుడ్డు పెంకులా వేశారు. పెంకు మీద పడిన నీళ్లు ఎటు పోవాలో ఆలోచించలేదు.

నీళ్లకి ఒక పాడలవాటు ఉంది. దేన్నైనా పట్టుకుంటే వదలవు. గ్లాసులోంచి గ్లాసులోకి టీ నెమ్మదిగా వంచి చూడండి. టీ కిందికి పడదు, గ్లాసు గోడ పట్టుకుని మన ప్యాంటు మీదికి వస్తుంది. గుండ్రటి కప్పు మీది నీళ్లూ అంతే. అంచు దగ్గర తెగి పడకుండా, వంపు వెంబడి జారి, కిటికీ రబ్బరు దాకా పోయి, సందు దొరికితే లోపలికి వస్తాయి. వాటిని తెంపాలంటే పదునైన అంచు కావాలి. సన్‌షేడ్ వేసేటప్పుడు మేస్త్రీలు దాని అడుగున అంచుకి దగ్గర్లో సన్నటి గాడి ఎందుకు తీస్తారో నాకు ఇంజినీరింగ్ నాలుగేళ్లలో ఎవరూ చెప్పలేదు. ఇందుకే. గాడి దగ్గర నీటికి పట్టు తప్పి చుక్క కింద పడిపోతుంది, గోడ దాకా రాదు.

మేం కంప్యూటర్ ముందు కూర్చుని రకరకాల గట్టర్లు చూస్తుంటే నాన్న కాగితం, పెన్సిల్ అడిగారు. "చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఎన్ని నీళ్లు?" అన్నారు. ఒక లీటరు. "మన కప్పు ఎంత?" పొడుగు 6 మీటర్లు, వెడల్పు 2. మొత్తం 12 చదరపు మీటర్లు. నడుమ ఎత్తుగా ఉంది కాబట్టి సగం నీళ్లు ఇటు, సగం అటు. "గంటకి 60 మిల్లీమీటర్ల వాన అనుకో. తలుపు వైపుకి ఎంత?" గంటకి 360 లీటర్లు. నిమిషానికి 6. అంటే 12 లీటర్ల బిందె రెండు నిమిషాల్లో నిండుతుంది. ఇన్నాళ్లూ వానంటే నాకు వెదర్ యాప్‌లో ఒక అంకె. ఆ కాగితం మీద అది మా గుమ్మం మీద బోర్లించే బిందెల లెక్క అయింది.

లెక్క తేలాక ఎంపిక తేలికైంది. అల్యూమినియం పట్టీ అందంగా ఉంటుంది గానీ వంపు కప్పుకి కుదరదు. పైగా దాన్ని స్క్రూలతో బిగించాలి. కప్పుకి వేసే ప్రతి కన్నమూ రేపటి కారే చోటు. ఉప్పుగాలిలో అల్యూమినియం, ఇనప స్క్రూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే అల్యూమినియం తొందరగా తినేస్తుంది కూడా. అందుకని వెనక జిగురు టేపుతో వచ్చే, పాములా వంగే రబ్బరు లాంటి గాడి తెప్పించాం. పక్క నుంచి చూస్తే అర్ధచంద్రాకారంలో ఉంటుంది.

అంటించడం ఐదు నిమిషాల పని, సిద్ధం చెయ్యడమే అసలు పని. ఫైబర్ మీద మైనం, పాలిష్, చేతి జిడ్డు ఏదున్నా టేపు పట్టదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచాం. తలుపు పైపట్టాకి తగలకుండా రెండు వేళ్ల ఎత్తున గీత గీశాం. వాలు ఎటు ఉండాలి? ముందుకి ఇస్తే బ్రేకు వేసినప్పుడల్లా గాడిలో నీళ్లన్నీ డ్రైవర్ అద్దం మీదికి దూకుతాయి. కాబట్టి వెనక్కి. 6 మీటర్లకి 3 సెంటీమీటర్ల వాలు. ఫోన్‌లో లెవెల్ యాప్ తీశాను. నాన్న దాన్ని చూసి, "మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు తెప్పించు" అన్నారు. రెండు చివర్లా నీటి మట్టం ఒకటే ఉంటుంది, దానికి ఛార్జింగ్ అక్కర్లేదు. గాడిని కొద్దికొద్దిగా అంటిస్తూ, గుడ్డ చుట్టిన అప్పడాల కర్రతో గట్టిగా నొక్కుతూ పోయాం. పై అంచుకి పాలీయురెథేన్ సీలెంట్ పూశాం. సిలికాన్ వద్దు. అది ఒకసారి పూస్తే తర్వాత దాని మీద ఏదీ సరిగ్గా అంటుకోదు. గాడి వెనక చివర చిన్న మూతి పెట్టాం, నీళ్లు బండి ఒంటిని తాకకుండా నాలుగంగుళాలు బయట పడేటట్టు.

ఇలాంటి టేపుకి పూర్తి పట్టు రావాలంటే సుమారు 72 గంటలు కావాలి. ఆ మూడు రోజులూ తడవకూడదు. నవంబరులో, నెల్లూరులో, మూడు పొడి రోజులు! నాన్న దగ్గర చదువుకున్న ఒకాయనకి బియ్యం మిల్లుంది. ఫోన్ చేస్తే, "మేష్టారి బండికి షెడ్డు లేదంటానా" అని బస్తాలు పక్కకి జరిపించాడు. బయట వాన, లోపల ఊక వాసన, నడుమ మా బండి. నాన్న రోజూ ఆటోలో వచ్చి కాసేపు దాన్ని చూసి పోయేవారు, ఆస్పత్రిలో చుట్టాన్ని చూసినట్టు.

నాలుగో రోజు మిల్లు బయట పైపుతో కప్పు మీద నీళ్లు కొట్టాం. గుమ్మం దగ్గర ఒక్క చుక్క లేదు. వెనక మూతి నుంచి మాత్రం ధార. అమ్మ తలుపు తీసి, వేసి, మళ్లీ తీసి చూసింది. ఏమీ అనలేదు. సాయంత్రం చూస్తే చింతపండు, కారం, ఆవకాయ జాడీ బండిలోకి ఎక్కి ఉన్నాయి.

మొదట మైపాడు. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా తూర్పుకి పోతే సముద్రానికి ముందు బకింగ్‌హామ్ కాలువ వస్తుంది. మద్రాసు దగ్గర 1806లో మొదలైన కాలువ, ముక్కలు ముక్కలుగా పెరిగి, 1878లో అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టుకుంది. పడవల కోసం తవ్వారు. ఇప్పుడు చాలాచోట్ల గుర్రపుడెక్కే తిరుగుతోంది. కానీ తీరానికి సమాంతరంగా పోతుంది చూశారూ, అక్కడే ఉంది దాని గొప్ప. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు చాలా పల్లెల దగ్గర ఈ కాలువే ఆ నీళ్లని పట్టుకుని, లోపలికి పోయే జోరు తగ్గించింది. నా బుర్రలో అప్పటికి గట్టర్ తప్ప ఇంకేం లేదనుకోండి, కాలువ చూడగానే తీరానికి ఎవరో చూరు గాడి అంటించినట్టే కనిపించింది.

మైపాడుకి ఇవతల ఒక పట్టపుపాళెంలో ఆగాం. వాన సన్నగా మొదలైంది. బండి నిలిపామో లేదో, పక్కింటి అరుగు మీద వల బాగు చేసుకుంటున్న అవ్వ కేకేసింది.

"ఏం పాపా, మీ బండి నీళ్లన్నీ నా గోడకి తోలతావా?"

చూస్తే నిజమే, మూతి సరిగ్గా ఆమె ఇంటి మూలకి గురి పెట్టి ఉంది.

"ఎట్ట పెట్టమంటావవ్వా?"

"దాని ఎనకభాగం ఇసకెల్లి తిప్పండి. గోడ మొదట్లో నీళ్లు పడితే మట్టి తినేస్తది. మా మామ కాలంలో చూరు నీళ్ల కాడ కత్తులు దూసుకున్నారు ఈడ."

తమ్ముడు బండి తిప్పాడు. ఇంజినీర్లం మేం ఆలోచించిందంతా నీళ్లు మా గుమ్మం మీద పడకుండా ఎలా అనే. అవ్వ అడిగింది ఆ నీళ్లు ఎవరి గుమ్మం మీద పడతాయని. పెద్ద కప్పు నీళ్లన్నీ ఒకే చోటికి తెస్తే అక్కడ నేల కోసుకుపోతుంది. మా మూతి కింద ఇసకలో అరగంటలోనే జానెడు గుంట పడింది.

వాన జోరందుకుంది. అవ్వ కాసేపు ఆ ధార వంక చూసి, లోపలికి పోయి స్టీలు బిందె తెచ్చి దాని కింద పెట్టింది. అది నిండగానే పారబోసింది. "పైన దుమ్ముంటది, ఉప్పుంటది. మొదటిది మనది కాదు" అంది. మళ్లీ పెట్టింది. ఆ పాళెంలో బోరు నీళ్లు ఉప్పన. సబ్బు రుద్దితే నురగ రాదు. తాగడానికి క్యాన్లు కొనుక్కుంటారు. మా కప్పు ఫైబరు, పైన సీలెంటు, తాగొద్దవ్వా అని చెప్పాను. "తాగను పాపా, బట్టలకి. మా అమ్మైతే చూరు కింద గంగాళం పెట్టేది. వాన నీళ్లకి పప్పు ఎంత బిన్నా ఉడికేదో" అంది. కఠిన జలం గురించి పదో తరగతిలో నేను రెండు మార్కులకి రాసిన జవాబు అది.

ఈలోపు నాన్న ర్యాంప్ దిగారు. వానలోనే, గొడుగు పట్టుకుని, పొడిగా ఉన్న ర్యాంప్ మీదుగా. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకున్నారు. అవ్వ మనవడు, ఎనిమిదో తరగతట, పక్కన చేరాడు.

"బిందె ఎన్ని లీటర్లు?"

"12, సార్."

"ఎన్ని నిమిషాల్లో నిండింది?"

"మూడు."

"అయితే గంటకి ఎంత?"

వాడు వేళ్ల మీద లెక్కేసి 240 అన్నాడు. ఈ వైపు కప్పు 6 చదరపు మీటర్లు కాబట్టి 240ని 6తో భాగించమన్నారు. 40. "అంటే ఇప్పుడు గంటకి 40 మిల్లీమీటర్ల వాన పడతా ఉంది. టీవీలో చెప్పేదాకా ఆగబళ్లా" అన్నారు నాన్న. వాడు నమ్మలేదు. ఇంకో బిందె పెట్టి మళ్లీ కొలిచాడు. మూడు నిమిషాల పది సెకన్లు. "తగ్గింది సార్!" అని అరిచాడు. స్ట్రోక్ వచ్చాక నాన్న పాఠం చెప్పడం నేను చూడ్డం అదే మొదలు. మాట ఒకట్రెండు చోట్ల తడబడింది. వాడు పట్టించుకోలేదు.

సముద్రం దగ్గరికి సాయంత్రం వాన తెరిపిచ్చాక వెళ్లాం. తడిసిన ఇసక గట్టిగా ఉంటుంది కాబట్టి వీల్‌చైర్ చాలా దూరం పోయింది. జనవరిలో అయితే పోదు. నవంబరు పార్టీలో ఇంకో ఓటు.

రెండో రోజు వెనక్కొచ్చి నెల్లూరు దగ్గర పెన్నా దాటి కోవూరు, విడవలూరు మీదుగా రామతీర్థం. ఆ దారిలోనే పడుగుపాడు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు ఇక్కడ రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడాయి. దగ్గర్లో జాతీయ రహదారీ తెగింది. ఇప్పుడు చూస్తే ఏమీ జరగనట్టు రైళ్లు పోతున్నాయి. నాన్న కిటికీలోంచి చాలాసేపు ఏటి వంక చూశారు. నవంబరులో రమ్మని మిమ్మల్ని పిలుస్తున్నాను కదా, ఈ మాట కూడా చెప్పాలి. వాన చూడ్డం వేరు, తుపానులో దూరడం వేరు. కృష్ణపట్నం పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వచ్చిందా, ఫోన్‌కి విపత్తుల సంస్థ మెసేజ్ వచ్చిందా, బండి తిప్పుకుని ఇంటికి పోవాలి. వేటకెళ్లే వాళ్లే పడవలు ఒడ్డుకి లాగేస్తుంటే మనం రీల్స్ తీసుకోవడం ఏం తెలివి?

మూడో రోజు ఇసకపల్లి. ఉప్పు మళ్లు ఉన్న ఊరు. ఈ నెలల్లో అక్కడ ఉప్పు పండదు. మళ్లన్నీ వాన నీళ్లతో నిండి అద్దాల్లా ఉంటాయి. నాన్న పనిచేసిన బడి గోడ కొత్తగా కట్టారు, వేపచెట్టు మాత్రం అదే. రాత్రంతా గాలీ వానా. మంచం పక్కన నేల మీద చెయ్యి పెట్టి చూశాను, పొడిగానే ఉంది. అర్ధరాత్రి అమ్మ కూడా లేచి అదే పని చేస్తోంది. ఇద్దరం ఒకర్నొకరం చూసుకుని ఏమీ మాట్లాడకుండా పడుకున్నాం.

తెల్లారి గాడి తడిమి చూస్తే వేలికి ఉప్పు పొర, నాలుగు సరుగుడు ఆకులు తగిలాయి. ఆకులు మూతిలో చిక్కుకుంటే నీళ్లు గాడి మీదుగా పొర్లి మళ్లీ గుమ్మం మీదికే వస్తాయి. అందుకే బండి ఆపిన ప్రతి చోటా ముందు గాడిలో వేలు పెట్టి శుభ్రం చెయ్యాలి, వారానికోసారి మంచినీళ్లతో కడగాలి. రెండో వైపు గాడి ఇంకా అంటించలేదు. టేపు, ఆల్కహాల్ సీసా సిద్ధంగా ఉన్నాయి. మిల్లాయన షెడ్డు కూడా ఇస్తానన్నాడు. మూడు పొడి రోజులు కావాలి. పట్టపుపాళెం కుర్రాడు తమ్ముడి నంబరు తీసుకున్నాడు, వాన పడ్డ రోజల్లా బిందె లెక్క మెసేజ్ పెడుతున్నాడు. వాళ్ల సన్‌షేడ్ మూలకి ఒక పైపు ముక్క కట్టుకున్నాడట. నిన్నటి లెక్క, ఏడు నిమిషాలకి ఒక బిందె. ఎన్ని మిల్లీమీటర్లో చెప్పాలంటే ముందు మీ సన్‌షేడ్ కొలత పంపరా అని నాన్న జవాబు పెట్టించారు.